వాతానికి నడిమి సీటు

శంకరప్ప ఆటో ఎక్కాలంటే ముందు మన ఒంట్లో వాతం ఎక్కువో, పిత్తం ఎక్కువో, కఫం ఎక్కువో ఆయన తేల్చాలి. ఆ తర్వాతే సీటు. ధారూర్ నుంచి వికారాబాద్ పోయే మిగతా ఆటోల్లో ముందొచ్చినవాళ్లకు మంచి సీటు దొరుకుతుంది. శంకరప్ప దగ్గర ఆ పప్పులు ఉడకవు. మనిషిని కిందినుంచి పైదాకా ఓసారి చూసి తీర్పు చెప్పేస్తాడు.

"నువ్వు పిత్తం. ఇంజిన్ దిక్కు కూసోకు, కాక ఎక్కుతది. నువ్వు కఫం. నా పక్కన వద్దు, నిద్రపోయి నా భుజం మీద పడ్తవ్."

ఈ చదువు ఆయనకు తాండూరులో అబ్బింది. అక్కడ ఒక ఆయుర్వేద వైద్యుణ్ణి ఏళ్ల తరబడి ఆటోలో తిప్పాడు. వైద్యుడు వెనక కూర్చుని ఫోనులో రోగులకు చెప్పిందంతా శంకరప్ప ముందు కూర్చుని విన్నాడు. సగం మాటలు ఇంజిన్ మోతలో పోయాయి. పోయిన సగాన్ని సొంతంగా పూరించుకున్నాడు. చివరికి ఆటోకూ ఒక తత్త్వం అంటగట్టాడు. దానిది పిత్తమట, ఎండెక్కితే లేస్తుందట. మరి నీదేం తత్త్వమని అడిగితే మాత్రం, "డ్రైవర్‌కు లైసెన్స్ ఉంటె చాలు" అంటాడు.

అలీమాబీకి ఈయన మీద మొదటినుంచీ అనుమానమే. ఆమె వికారాబాద్‌లో ఒక టైలర్ దుకాణంలో జాకెట్లకు కాజాలు కుడుతుంది. ఎండిన కందికట్టెలా సన్నగా ఉంటుంది. కొన్ని నెలల కింద వాతమని తేల్చేసి, అప్పట్నుంచి రోజూ వెనక సీటులో భీమమ్మకూ జంగమ్మకూ నడుమ కుక్కుతున్నాడు. కూరగాయలమ్మే ఆ ఇద్దరిదీ నిఖార్సైన కఫం. వాళ్ల మధ్య ఊపిరాడటమే గొప్ప.

"అంచు సీటు ఇప్పుడు నాకు ఇయ్యవేంది?"

"వాతానికి గాలి పడదక్కా."

ఆ సీటు ఎవరికోసం దాస్తున్నాడోనని ఆమె కొన్నాళ్లు కనిపెట్టి చూసింది. ఒకరోజు అందులో ఎవరిదో మేకను ఎక్కించాడు. అడిగితే అది పిత్తమన్నాడు.

అసలు అనుమానం వేరే ఉంది. అలీమాబీకి కొన్ని నెలలుగా తల తిరుగుతోంది. ఎవరికీ చెప్పలేదు. కొడుకు పర్వేజ్‌కు తెలిస్తే పని మాన్పిస్తాడు. దుకాణం యజమానికి తెలిస్తే ఆయనే పంపించేస్తాడు. ఆ పనంటే ఆమెకు ప్రాణం. పర్వేజ్ పసిగట్టి ఈ శంకరప్పను కాపలా పెట్టాడా? లేకపోతే ఆటోకు పిత్తం లేచినప్పుడల్లా సరిగ్గా సర్కారు దవాఖానా ముందే ఎందుకు ఆగుతుంది? ఆగగానే శంకరప్ప, "జర చల్లారాలె, బీపీ గీపీ చూపించుకునేటోళ్లు చూపించుకోండ్రి" అని ఎటో చూస్తూ ఎందుకంటాడు?

ఒక పొద్దున ఆమె అందరికంటే ముందొచ్చి అంచు సీటులో కూర్చుంది. కమ్మీ పట్టుకుని, కదలనంది.

శంకరప్ప వాదించలేదు. భుజం మీది తువ్వాల తీసి, ఆమె పక్కన తలుపు లేని ఖాళీకి అడ్డంగా బిగించి కట్టాడు. "గింత వాతం గాలికి కొట్టుకపోతది" అన్నాడు. అందరూ నవ్వారు. అలీమాబీకి ఒళ్లు మండింది.

అనంతగిరి మలుపుల్లో ఆటో ఎంత మెల్లగా పోయిందంటే, సైకిల్ మీది పిల్లలు కూడా దాటిపోయారు. అయినా ఒక మలుపులో ఆమెకు కళ్లు చీకట్లు కమ్మాయి. ఒళ్లు బయటికి తూలింది. తువ్వాల ఆపింది. కళ్లు తెరిచేసరికి అద్దంలో శంకరప్ప ఆమెనే చూస్తున్నాడు. మిగతావాళ్లెవరూ గమనించలేదు. భీమమ్మ గురక పెడుతోంది.

దవాఖానా ముందు ఆటోకు పిత్తం లేచింది. అందరూ చాయ్‌కి దిగారు. అలీమాబీ దిగలేదు.

"పర్వేజ్ చెప్పిండా నీకు?"

"ఆయనెందుకు చెప్తడు? అద్దంల కనిపిస్తలేదా? మలుపు రాంగనే కండ్లు మూసుకుంటవ్."

"మరి నడిమిట్ల కూసోమని ఉన్నమాట చెప్పొచ్చు గద."

"అందరి ముంగట తల తిరుగుతదంటే పొద్దుగూకేటాలకు నీ దుకాణంల తెలుస్తది. వాతమంటే ఎవరికి సమజైతది?"

ఇన్నాళ్లు తిట్టుకున్న మనిషి మీద ఆమెకు ఒక్కసారిగా అభిమానం పొంగింది.

"ఇగ భీమమ్మకేం రోగమున్నదో" అంది ఆటో దిగుతూ.

"ఏం లేదు. ఆమెది నిజంగ కఫమే."

దవాఖానా లోపల డాక్టరమ్మ పరీక్ష చేయించి, రక్తం తక్కువుందని మాత్రలిచ్చింది. వాడితే తగ్గుతుందనీ, కూర్చుని చేసే పని మానక్కర్లేదనీ చెప్పింది. మాత్రల పొట్లం సంచిలో పెట్టుకుని అలీమాబీ బయటికొచ్చిందో లేదో, శంకరప్ప ఆటో మొదటి ప్రయత్నంలోనే స్టార్టయింది.

భీమమ్మ కళ్లు చిట్లించింది. "ఈమె రాంగనే ఆటోకు పిత్తం దిగిందేంది? నాకేందో అనుమానంగున్నది."

శంకరప్ప అద్దం తుడవడం మొదలుపెట్టాడు.

"దానిది ఉత్త పిత్తం కాదు, వాతం గూడ కలిసింది" అంది అలీమాబీ, తాండూరు వైద్యుడు కూడా అనుమానించలేనంత గంభీరంగా. "నీకు సమజ్ కాదుగని, జర జరుగు."

భీమమ్మ జరిగింది. అలీమాబీ తనంతట తానే నడిమిట్లో కూర్చుంది.