ఆపినా సున్నాకి రాని ముల్లు

1984 డిసెంబరు. న్యూజెర్సీలో ప్లెయిన్స్‌బరోకి అరగంట దూరంలో ఉన్న చిన్న వర్క్‌షాపులో నేను పంపులు టెస్ట్ చేసేవాణ్ణి. కిరసనాయిలు హీటర్లకి నూనె అందించే ఎలక్ట్రోమాగ్నెటిక్ ప్లంజర్ పంపులవి. ఒక్కొక్కటి అరచేతిలో పడుతుంది. ఇంజనీరింగ్ కాలేజీ గుమ్మం నేను ఎక్కలేదు. పాత హ్యాండ్‌బుక్కులు చదువుతూ, చదివింది చేత్తో కొలిచి చూసుకుంటూ నేర్చుకున్నదే నా చదువు.

ఆ పంపులో ఉండేవి మూడే ముఖ్యమైన వస్తువులు. రాగితీగ చుట్టిన కాయిల్, దాని మధ్య గొట్టంలో ఆడే ప్లంజర్ అనే ఇనుప కడ్డీ, దాని వెనక ఒక స్ప్రింగు. కరెంటు వచ్చినప్పుడు అయస్కాంతం ప్లంజర్‌ని వెనక్కి లాగి స్ప్రింగుని నొక్కుతుంది. కరెంటు తెగగానే స్ప్రింగు ప్లంజర్‌ని ముందుకు తోస్తుంది, నూనె బయటికి పోతుంది. బలమంతా అయస్కాంతానిదే అనుకుంటారు కానీ నూనెని తోసేది స్ప్రింగే. అందుకని డెలివరీ ప్రెషర్, అంటే పంపు నూనెని బయటికి తోసే ఒత్తిడి, మార్చాలంటే స్ప్రింగు వెనక ఉన్న స్క్రూ తిప్పుతాం. బిగిస్తే ఒత్తిడి పెరుగుతుంది, వదులు చేస్తే తగ్గుతుంది. ఆ హీటర్లకి కావలసింది చదరపు అంగుళానికి నాలుగు పౌన్లు.

ఆ శీతాకాలంలో ఒకే ఇంటి నుంచి రెండు పంపులు తిరిగొచ్చాయి. బెంచి మీద పెట్టి స్క్రూ సరిచేస్తే రెండూ కదలకుండా నాలుగు దగ్గరే నిలబడ్డాయి. మేం మూడోది కూడా పంపించాక ఆ ఇంటి నుంచి ఫోనొచ్చింది. నా పేరు వినగానే అవతలి గొంతు తెలుగులోకి మారింది.

"మీరు తెలుగువాళ్లా బ్రదర్? నేను మార్తమ్మని. మాది బాపట్ల దగ్గర. గ్రీన్‌హౌస్‌లో కరివేపాకు మొక్కలు పెంచుతున్నానండి. హీటర్ ఒకరోజు పొగ కక్కుతుంది, ఇంకోరోజు ఆరిపోతుంది. ఇప్పటికే ఒక వరసంతా మాడిపోయింది. రేపు రాత్రికి హార్డ్ ఫ్రీజ్, అంతా గడ్డకట్టే చలి అని టీవీలో చెప్తున్నారు. ఇవి కూడా పోతే మళ్లీ గింజ దగ్గర్నించి మొదలుపెట్టాలి."

ఆ రోజుల్లో మన దుకాణాల్లో కరివేపాకంటే ఎండిపోయి గలగలలాడే పొట్లమే. పచ్చి రెమ్మ కోసం ఎంతమంది ఆ మొక్కల మీద ఆశ పెట్టుకున్నారో ఆవిడ చెప్పకపోయినా నాకు తెలుసు. మర్నాడు శనివారం, పొద్దున్నే ప్రెషర్ గేజి, పనిముట్ల పెట్టె తీసుకుని బయల్దేరాను.

గ్రీన్‌హౌస్ వాళ్ల పెరట్లోనే ఉంది. లోపల చిన్న కుండీల్లో మొక్కలు, ఆకుల మీద సన్నటి మసి. ఆవిడ తడిగుడ్డతో ఒక్కో ఆకూ తుడుస్తోంది. భర్త ప్రసాదరావు గారు ఆసుపత్రిలో ఎక్స్‌రే టెక్నీషియన్. పంపు పక్కనే స్క్రూడ్రైవర్ పట్టుకుని నిలబడి ఉన్నారు.

"డ్రమ్ రీఫిల్ చేసిన రోజున పొగ వస్తుంది మాస్టారూ. అప్పుడు స్క్రూ లూజ్ చేస్తా. నాలుగు రోజులు పోయాక మంట నీరసపడుతుంది. మళ్లీ టైట్ చేస్తా," అన్నారాయన.

"పెళ్లప్పుడు కూడా నా చేతికి గాజులు ఇంత శ్రద్ధగా ఎక్కించలేదండీ ఈయన," అంది మార్తమ్మ గారు తల ఎత్తకుండానే.

బర్నర్‌కి పోయే గొట్టం మూసి, పంపుకి గేజి తగిలించి స్విచ్ వేశాను. ముల్లు నాలుగు దాటి చాలా పైకి పోయింది. స్క్రూని వదులు చేసి సరిగ్గా నాలుగుకి దించితే పని అయిపోయినట్టే కనిపించింది. ఆయన రోజూ చేస్తున్నదీ అదే కదా అనిపించి, చెయ్యి వెనక్కి తీసుకున్నాను. స్విచ్ ఆపి, గేజిలో మిగిలిన ఒత్తిడి దిగేలా నట్టు కొంచెం వదులు చేసి మళ్లీ బిగించాను. ముల్లు సున్నాకి పడి, అక్కడ ఉండకుండా మెల్లగా లేచి రెండున్నర దగ్గర ఆగింది.

పంపు ఆగిపోయింది. మరి తోస్తున్నది ఎవరు?

"నూనె డ్రమ్ ఎక్కడుందండీ?" అన్నాను.

"బయట, మంచె మీద," అంది మార్తమ్మ గారు. "పిట్టల్ని తోలడానికి కట్టారు లెండి."

గోడకవతల లావుపాటి దుంగలతో గట్టిగా కట్టిన స్టాండు, దాని మీద నిలబెట్టిన డ్రమ్ము. ప్రసాదరావు గారు తన పని చూపిస్తున్న సంబరంతో అన్నారు: "మా ఊళ్లో ట్యాంకు మేడ మీదుంటేనే కొళాయికి ధార వచ్చేది. ఎత్తు పెడితే పంపుకి సాయంగా ఉంటుందని పెట్టా."

"సాయం ఎక్కువైంది," అన్నాను.

టేపుతో కొలిస్తే డ్రమ్ములో నూనె మట్టం పంపుకన్నా ఎనిమిది అడుగుల పైన ఉంది. సుమారు మూడడుగుల కిరసనాయిలు నిలువుకి ఒక పౌను. అంటే స్ప్రింగు ఇచ్చే నాలుగుకి ఎత్తు ఇంకో రెండున్నర పైన కలుపుతోంది. నిండు డ్రమ్ముకి స్క్రూ సరిచేస్తే, నూనె తగ్గేకొద్దీ ఆ కలిపేదీ తగ్గి మంట చిక్కిపోతుంది. అప్పుడు బిగిస్తే, మళ్లీ నింపగానే పొగ. మా బెంచి మీద నూనె తొట్టి పంపు పక్కనే ఉంటుంది కాబట్టి మాకు ఎప్పుడూ నాలుగే కనిపించింది. పైగా ఇక్కడ పంపు ఆగినా నూనె బర్నర్‌లోకి జారుతూనే ఉంటుంది. అది పొగకన్నా ప్రమాదం.

"అయితే స్క్రూ ఎంత తిప్పమంటారు?" అన్నారు ప్రసాదరావు గారు.

"తిప్పాల్సింది స్క్రూ కాదండీ. డ్రమ్ము దించాలి."

ఆయన దుంగని ఒకసారి చేత్తో నిమిరారు. "కాళ్లకి కాంక్రీట్ కూడా పోశానండీ," అన్నారు.

"మంచె ఉండనీండి. డ్రమ్ము ఒక్కటి దించితే చాలు."

నూనెని గొట్టంతో క్యాన్లలోకి దించి, ఖాళీ డ్రమ్ముని తాడు కట్టి ముగ్గురం నేలకి చేర్చాం. దుంగల మధ్య అడ్డంగా పడుకోబెట్టాం. నిలబెట్టిన డ్రమ్ములో మట్టం మూడడుగులు మారుతుంది. పడుకోబెడితే రెండడుగులు కూడా మారదు. పంపుని డ్రమ్ముకన్నా కొంచెం పైన, బర్నర్ ఎత్తులోనే బిగించాను. ఇప్పుడు పంపు ఆగితే నూనె తనంతట తాను కదలదు. డ్రమ్ము సగం ఉండగా స్క్రూని నాలుగుకి సెట్ చేశాను, తర్వాత మిగతా నూనె పోశాం. గేజి కాస్త పెరిగింది, అంతే. స్విచ్ ఆపి, నట్టు వదులు చేసి మళ్లీ బిగిస్తే ముల్లు సున్నాకి వచ్చి అక్కడే నిలిచింది.

బర్నర్ వెలిగించేసరికి ఎండ ఇంకా అద్దాల మీదే ఉంది. మార్తమ్మ గారు తడిగుడ్డ పక్కన పెట్టి మంటనే చూస్తూ కూర్చుంది. "నీలంగా ఉంది కదండీ," అంది భర్తతో. ఆయన స్క్రూడ్రైవర్ తీసి నా పెట్టెలో వేసేశారు. "నా దగ్గరుంటే చెయ్యి ఊరుకోదు మాస్టారూ."

ఆదివారం చర్చి నుంచి రాగానే ఆవిడ ఫోన్ చేసింది. రాత్రంతా హీటర్ ఆగలేదు, కొత్తగా మసి పట్టలేదు, ఒక్క మొక్కా పోలేదు. వేసవికి ఆ మొక్కలు చాలా వంటిళ్లకి చేరాయి. ఒకటి మా వంటింటి కిటికీలోనూ ఉంది. మంచె మీద ఇప్పుడు వాళ్లు ఎండకి కుండీలు పెడుతున్నారట.

నేను నేర్చుకున్నది చిన్న విషయమే. పంపు నడుస్తున్నప్పుడు గేజి చూపేది అన్ని ఒత్తిళ్ల మొత్తం. అందులో పంపుది ఎంతో, చుట్టూ ఉన్నవాటిది ఎంతో తెలియాలంటే ముందు పంపుని ఆపాలి. మా బెంచికి పైన ఎనిమిది అడుగుల ఎత్తులో ఇప్పుడు ఇంకో తొట్టి ఉంది. కొత్తగా పనిలో చేరినవాళ్లు అదెందుకని అడిగితే, స్విచ్ ఆపి ముల్లు చూడమంటాను.