ఫోటో ఉతారో

పెళ్లిచూపుల ఫోటోలు తీసీ తీసీ నాకు విసుగెత్తిపోయిన రోజులవి. డెబ్బైల చివరి మాట. రాయ్‌పూర్ దేవేంద్ర నగర్‌లో నాదొక చిన్న స్టూడియో. చామనఛాయ పిల్లను తెల్లగా చూపించమని తల్లులు, బట్టతల కనబడకుండా చూడమని పెళ్లికొడుకులు నా ప్రాణం తోడేసేవారు. నాకేమో సినిమావాళ్ల ముఖాలు తీయాలని, ఎప్పటికైనా సినిమాయే తీయాలని పిచ్చి. ఆ సంగతి మా ఆవిడకొక్కదానికే తెలుసు.

ఊళ్లోని పండరీ బట్టల బజారులో ఒక సేఠ్ తన కొత్త దుకాణం తెరవడానికి బొంబాయి నుంచి పెద్ద హీరోను పిలిపించాడు. ఫోటోల పని నాకిచ్చాడు. నా ఆల్బమ్ తిరగేసిన హీరో సెక్రటరీ, ఇక్కడ తీసే బొమ్మలు సాబ్‌కు నచ్చితే తర్వాతి సినిమాకు స్టిల్ ఫోటోగ్రాఫరుగా తీసుకుంటామన్నాడు. అయితే నాకిచ్చేది ఐదే నిమిషాలట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సహించలేదు.

దుకాణం వెనక గదిలో కుర్చీ వేయించాను. లైటు పట్టుకోవడానికి మా ఆవిడ వచ్చింది. ఆమె మావైపువాళ్ల పిల్లే అయినా ఇక్కడి రైల్వే క్వార్టర్సులో పుట్టి పెరిగిన మనిషి, హిందీ ఆమెకు మంచినీళ్లప్రాయం. శ్రీకాకుళం నుంచి వచ్చిన నా హిందీ కూరగాయల బేరానికి సరిపోయేది, అంతే. హీరో వచ్చి కూర్చుని, అద్దం ముందు సాధన చేసిన నవ్వొకటి ముఖానికి తగిలించుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. పన్నెండు బొమ్మల రీలులో పదకొండు అయిపోయాయి, అన్నింటిలోనూ అదే నవ్వు.

అప్పుడతను మెడ తిప్పి, తన నెత్తి మీదుగా గోడకేసి చూశాడు. అక్కడ సేఠ్‌గారి చనిపోయిన తండ్రి ఫోటో, దానికి దండ. నవ్వు ఊడిపోయింది. నోరు కొద్దిగా తెరుచుకుంది, కళ్లు చిన్నపిల్లాడి కళ్లయ్యాయి. "ఫోటో ఉతారో! జల్దీ!" అని సెక్రటరీ అరిచాడు.

హిందీలో ఉతారో అన్నది మన తియ్యి లాంటిదే. కెమెరాతో తీయడానికీ అదే మాట, గోడ మీంచి తీసేయడానికీ అదే మాట. నాకు కెమెరాయే తోచింది. నొక్కేశాను.

"అయ్యో, ఏటి సేసినారండీ! గోడ మీద ఫోటో దించమంటన్నాడు ఆయన!" అంది మా ఆవిడ.

హీరో లేచి చెయ్యి చాపాడు. "రీల్ దో."

అతనికి అంతకు నెల ముందే గుండెపోటు వచ్చిందనీ, నిర్మాతలకు తెలియకుండా దాచాడనీ నాకు తర్వాతెప్పుడో తెలిసింది. అప్పుడు తెలిసిందల్లా ఒక్కటే. నా బతుకులో మొదటిసారి ఒక మనిషి అసలు ముఖం తీశాను. రీలు ఇస్తే బొంబాయి, లేకపోతే మళ్లీ పెళ్లిచూపులేనని సెక్రటరీ మెల్లగా చెప్పాడు.

"ఇవ్వకండి. బిల్కుల్ ఇవ్వకండి," అంది మా ఆవిడ తెలుగులో. "మంచి బొమ్మ పడ్డాది."

"నీకెలా తెలుసు?"

"మీ మొగం సూస్తే తెల్డం లేదేటి?"

నేను ఆమె వైపు చూడలేదు. కెమెరా వెనక మూత తెరిచి, ట్యూబులైటు వెలుగులోకి రీలు మొత్తం నా చేతులతోనే లాగేశాను. వెలుగు తగలగానే బొమ్మలన్నీ పోయాయి. గోడ మీది ఫోటో దించారు. కొత్త రీలు వేసి పన్నెండు నవ్వులు తీశాను. నాకు ఉద్యోగం తెచ్చినవి ఆ నవ్వులే. దారిలో రిక్షాలో మా ఆవిడ ముఖం పక్కకు తిప్పుకుని కూర్చుంది.

బొంబాయిలో చాలా ఏళ్లు తారల ముఖాలు తీశాను. పత్రికల అట్టల మీద నా పేరు పడింది. చివరికి నా సినిమా కూడా వచ్చింది. అందులో తండ్రి వేషం వేసింది ఆ హీరోనే. తను ఇక ఎన్నాళ్లో బతకడని డాక్టరు నోట వినే సీను తీస్తున్నాం. పదహారు టేకులయ్యాయి. కళ్లనీళ్లు తెచ్చుకున్నాడు, పెదాలు వణికించాడు, ఎంత చేసినా నాకు నటనే కనబడింది. నోరు కొద్దిగా తెరిచి, చిన్నపిల్లాడి కళ్లతో చూడమని ప్రతిసారీ చెప్పాను. పదిహేడో టేకయ్యాక అతనికి కోపం వచ్చింది.

"అసలేం కావాలయ్యా నీకు? నువ్వు చెప్పే ఆ ముఖం నేనెప్పుడైనా పెట్టానా?" అన్నాడు హిందీలో.

ఆ ముఖం చూసినవాణ్ణి నేనే, చెరిపేసినవాణ్ణీ నేనే.

"లేదు సాబ్," అని, పదిహేడో టేకు ఓకే చేశాను.