ఎట్ల తెలిసింది?

ఇప్పటికీ నా తరగతి పిల్లలు రాయడం మొదలుపెట్టే ముందు కాగితానికి కుడి పక్కన నిలువుగా ఒక గీత గీస్తారు. ఆ సన్నని గడి పైన "ఎట్ల తెలిసింది?" అని రాస్తారు. కొత్తగా వచ్చిన టీచర్లు అది చూసి ఇదేం పద్ధతి అని అడుగుతారు. నేను నవ్వి ఊరుకుంటాను. ఆ గీత ఎక్కడ మొదలైందో చెప్పాలంటే ఒక ఊరి సంగతి, ఆ ఊళ్లో ఒక తండ్రీబిడ్డల సంగతి చెప్పాలి.

తెలంగాణ వచ్చిన కొత్తలో నన్ను నల్గొండ నుంచి దేవరకొండ వైపున్న ఒక ఊరి హైస్కూలుకు బదిలీ చేశారు. సాంఘిక శాస్త్రం చెప్పేదాన్ని. పొద్దున బస్సు, తర్వాత ఆటో, చివర కొంత నడక. ఆ నడకలో దారికి రెండు పక్కలా బత్తాయి తోటలు ఎండి కట్టెలై నిలబడి ఉండేవి. ఆ ఏడు వానలు లేవు. అంతకు ముందు ఏడూ అంతంతమాత్రమే. చెరువులో పిల్లలు క్రికెట్ ఆడుకునేవారు.

అప్పటికే ప్రాజెక్టు పనులకు మార్కులు వేసే పద్ధతి వచ్చింది. ఆ ప్రాజెక్టులు ఎలా తయారవుతాయో టీచర్లందరికీ తెలిసిందే. మండల కేంద్రంలో నెట్ సెంటరుకు పోయి పాఠం పేరు చెబితే అతను కాగితాలు తీసి ఇస్తాడు. వాటిని చూసి రాసి, రంగు పెన్నులతో అంచులు గీసి, పైన ఒక బొమ్మ అతికిస్తే పని అయిపోయినట్టే. నేను వెళ్లిన సంవత్సరం ఎనిమిదో తరగతికి "మా ఊరు" అని ఇచ్చాను. సగం మంది ప్రాజెక్టుల్లో ఒకే వాక్యం: "మా గ్రామము గోదావరి తీరమున పచ్చని పైరుల మధ్య వెలసినది." గోదావరి ఏ దిక్కున ఉందో చెప్పమంటే తలా ఒక దిక్కు చూపించారు. కిటికీ బయట చూస్తే ఎండిన తోటలు. నాకు ఒళ్లు మండింది. నా కోపం సంగతి ఆ బడిలో అందరికీ తెలిసింది ఆ రోజే. కాగితాలన్నీ తిరిగి ఇచ్చేశాను.

మర్నాడు కొంచెం చల్లబడి, వాళ్లను గుంపుగా కూర్చోబెట్టాను. "ఈసారి ఎవరి రాతా చూసి రాయొద్దు. మీకు నిజంగా తెలియనిది ఒకటి అనుకోండి. దాన్ని మీరే పోయి తెలుసుకోండి. పరిశోధన అంటే అంతే" అన్నాను. ఏం అడగాలో తేల్చుకోవడానికే రెండు పీరియడ్లు పోయాయి. ఆ సమయానికి ఊరి బయట ఎక్కడో బోరు బండి మోగుతోంది. ఆ మోతలో నా పాఠం నాకే వినబడేది కాదు. చివరకు పిల్లలే అన్నారు, మా ఊరిలో ఏ బోర్లకు నీళ్లు పడ్డయి, ఏవి ఎండినయి, అది రాస్తం మేడం అని.

అప్పుడు గీయించాను ఆ గీత. ఎడమ పక్క తెలిసిన సంగతి రాయాలి, కుడి పక్క అది ఎట్ల తెలిసిందో రాయాలి. రెండే జవాబులు ఒప్పుకుంటానన్నాను: ఫలానావాళ్లు చెప్పిండ్రు, లేదా మేము చూసినం. "అందరికి తెలుసు" అని ఒకరు రాస్తే కొట్టేశాను. "మేడం చెప్పిండ్రు" అని ఇంకొకరు రాస్తే అదీ కొట్టేశాను.

ఆ గుంపులో ఒక గొల్లవారి అమ్మాయి ఉండేది. మాట తక్కువ. రాసేటప్పుడు నాలుక కొస బయటపెట్టి, అక్షరం అక్షరం కూర్చోబెట్టి రాసేది. వాళ్ల బాపుకు గొర్ల మంద ఉంది. దానితో పాటు ఆయనకు ఊళ్లో ఇంకో పేరు కూడా ఉంది: బోరుకు పాయింటు పెట్టేది ఆయనే. అరచేతిలో కొబ్బరికాయను అడ్డంగా పెట్టుకుని చెల్కలో, అంటే మెట్ట పొలంలో, నడుస్తాడు. ఎక్కడ కాయ నిట్టనిలువుగా లేస్తే అక్కడ మడమతో గుర్తు పెడతాడు. అక్కడే బోరు దిగుతుంది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కూడా వచ్చి బండి మీద కూర్చోబెట్టుకుని తీసుకుపోయేవారు. "మా బాపు రగతం ఓ పాజిటివ్ మేడం, అందుకే కాయ లేస్తది" అని ఆ అమ్మాయి ఒకసారి నాకు చెప్పింది. దవాఖానలో రాసిచ్చిన చీటీని వాళ్ల ఇంట్లో దేవుడి పటం వెనక దాచుకున్నారట.

మొదటి వారం పిల్లలు ఇల్లిల్లూ తిరిగి వచ్చారు. వాళ్లు తెచ్చింది చదివి నేను తెల్లబోయాను. అడిగిన ప్రతి ఇంటికీ బోరు ఉంది, ప్రతి బోరుకూ నీళ్లు ఉన్నాయి. ఎండిన బోరు ఊరు మొత్తం మీద ఒక్కటీ లేదు. "మా ఊరిలో వేసిన అన్ని బోర్లలో నీళ్లు పడినవి" అని చివర అందంగా రాసి దాని కింద గీత కూడా గీశారు. గోదావరి తీరం మళ్లీ నా నెత్తికి వచ్చింది అనుకున్నాను. కానీ కుడి పక్క గడిలో అంతా సరిగ్గానే ఉంది. ఫలానా ఇంటివాళ్లు చెప్పిండ్రు, ఫలానా తాత చెప్పిండు. పిల్లలు ఒక్క అబద్ధం కూడా రాయలేదు.

సంగతేమిటో ఆ అమ్మాయే విప్పింది. వాళ్ల అవ్వను అడిగి వచ్చింది.

"ఎండిన బోరు పేరు ఇంట్ల తియ్యరట మేడం. తీస్తె ఎనక వేసేది గూడ ఎండుతదట. మీద బండ పెట్టి ఒదిలేస్తరు. పాయింటు పెట్టినోనికి గూడ చెప్పరు. ఆయనొస్తె మంచిగున్నదంటరు."

"మీ బాపుకు కూడా చెప్పరా?"

"ఎవ్వరు చెప్పరు మేడం. బాపు గూడ అడగడు."

నాది నల్గొండే, అయినా ఈ కట్టడి నేను వినలేదు. పట్నంలో నల్లా తిప్పి పెరిగినదాన్ని. పిల్లలు అడిగిన ప్రశ్నలోనే చిక్కు ఉందని అప్పుడు అర్థమైంది. బోరు ఉందా అంటే, ఆ ఊళ్లో నీళ్లున్నదే బోరు. మిగతావి లేనట్టే లెక్క. అందుకని ఒక ఆదివారం నేనే వెళ్లి, పిల్లలను వెంటబెట్టుకుని చెల్కల్లో తిరిగాను. ఎవరినీ అడగలేదు. బండల కోసం చూశాం. కేసింగు పైపు పీకేసిన గుంత మీద చదునైన బండ, దాని పక్కన తెల్లని రాతిపొడి కుప్ప. ఒక్కసారి చూడటం పట్టుబడ్డాక ఎక్కడ చూసినా అవే. ఒక్కో మడిలో ఒకదాని పక్కన ఒకటి. మొదట్లో పిల్లలు గెంతుతూ, "మేడం గిక్కడ, మేడం గక్కడ" అని అరిచారు. ఎండ ఎక్కేకొద్దీ అరుపులు తగ్గాయి. మూత లేని గుంతలు కనిపిస్తే పెద్దపిల్లలతో బండలు దొర్లించి మూయించాను. తిరిగి వచ్చేటప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఆ ఊరు ఎంత పోగొట్టుకుందో ఆ బండలు చూసేదాకా నాకు తెలియదు.

ఇక రాయడం. ఈసారి కుడి పక్క గడిలో అంతటా "మేము చూసినం" అని వచ్చింది. పాయింటు ఎవరు పెట్టారో ఇంకో గడి గీద్దామన్నది పిల్లలే. అది చెప్పడానికి ఊళ్లో అడ్డు లేదు. ఫలానా చెల్కలో ఎవరు పెట్టారంటే టక్కున చెప్పేవారు. కానీ తీరా కాగితం నా దగ్గరికి వచ్చేసరికి ఆ గడిలో చాలా చోట్ల ఖాళీలు. ఎందుకు ఒదిలేశారని అడిగితే పిల్లలందరూ తలలు దించుకున్నారు, ఆ అమ్మాయి తప్ప. దోస్తు మొహం చూసి ఒదిలేశారని నాకు తెలిసిపోయింది. వాళ్ల మీద కోపం రాలేదు.

"ఆ గడి తీసేద్దాం" అన్నాను.

ఆ అమ్మాయి కాగితం ఇంటికి తీసుకుపోయి మర్నాడు తెచ్చింది. ఖాళీలన్నీ నింపింది. ప్రతి చోటా "మా బాపు", "మా బాపు", "మా బాపు" అని. కింద ముగింపులో, పాయింటు పెట్టించినవీ పెట్టించకుండా వేసినవీ ఒక్కతీరుగానే ఎండాయని రాసింది. కొబ్బరికాయ లేవడానికీ కింద నీళ్లకూ సంబంధం ఉన్నట్టు మాకు కనబడలేదు అని రాసింది.

నేను ఆమెను పక్కకు పిలిచాను. "బిడ్డా, ఇది రాయకున్నా నీ మార్కులు పోవు. ఇంట్లో మీ బాపు ఏమనుకుంటడో చూసుకున్నవా?"

"మీరే గద మేడం, చూసింది రాయాలన్నరు."

"అవును, నేనే అన్న."

"బాపు ఈ ఎండకాలం మంద మొత్తం అమ్ముతడట మేడం. మా చెల్కల మళ్ళ బోరేస్తడట. పాయింటు గూడ పెట్టుకున్నడు. అమ్మ చెప్పింది, అవ్వ చెప్పింది, ఇంటలేడు. నా మాట అసలే ఇనడు. కాయితం మీద చదివితె ఇంటడేమో."

అప్పుడు తెలిసింది నాకు, ఆ ఎండలో ఆ పిల్ల బండ బండకూ ఎందుకు పరుగెత్తిందో. మిగతావాళ్లు ప్రాజెక్టు చేస్తున్నారు. ఈమె మందను కాపాడుకుంటోంది. వాళ్లకు ఆ గొర్లే తిండి, ఆ గొర్లే బట్ట. కాగితం అలాగే ఉంచాను.

తల్లిదండ్రుల సమావేశం రోజు వరండాలో చాపలు పరిచాం. వాళ్ల బాపు గొంగడి భుజాన వేసుకుని వచ్చాడు. చేతికర్రను గేటు దగ్గర గోడకు ఆనించి లోపలికి వచ్చాడు. నన్ను చూసి "దండం మేడం" అన్నాడు. బిడ్డ అందరి ముందు చదివి వినిపిస్తుందని ఎవరో చెప్పినట్టున్నారు, తలపాగా విప్పి మళ్లీ శుభ్రంగా చుట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు.

ఆ అమ్మాయి మొత్తం చదివింది. ఎక్కడా ఆగలేదు, ఎక్కడా గొంతు తగ్గించలేదు. ఎండిన బోర్ల సంగతి వచ్చేసరికి జనం కదిలారు. ఏళ్లుగా ఎవరి ఇంట్లో వాళ్లు దిగమింగుకున్నది బడి వరండాలో ఒక పిల్ల గట్టిగా చదువుతోంది. బాపు పేరు వచ్చేసరికి అందరూ ఆయన వైపు చూశారు. ఆయన ఎటూ చూడలేదు. చదవడం అయ్యాక వెనక నుంచి ఒక పెద్దమనిషి, "ఆడపిల్లకు గిసొంటి చదువులు దేనికి నేర్పుతున్నరు టీచరమ్మా" అన్నాడు. నేను జవాబు చెప్పబోయేలోపు వాళ్ల బాపు లేచాడు. కాగితం వైపు కాసేపు చూశాడు. చదువు రాదు ఆయనకు. బిడ్డ తల మీద చెయ్యి పెట్టి తీసి, కర్ర అందుకుని వెళ్లిపోయాడు.

ఆ చెయ్యి చూసి నేను ఆశపడ్డాను. ఆ పిల్ల కూడా ఆశపడింది.

ఒంటిపూట బడులు మొదలయ్యాక మంద అమ్ముడుపోయిందని తెలిసింది. వారం తిరగకుండానే బోరు బండి మోత వాళ్ల చెల్క దిక్కు నుంచి వచ్చింది. పొద్దున్నే మొదలై మేము బడి మూసేదాకా ఆగలేదు. కిటికీలోంచి చూస్తే తెల్లటి రాతి దుబ్బ పైకి లేస్తూ కనిపించింది. నీళ్లు పడితే మోత మారుతుందని పిల్లలు చెప్పారు. మారలేదు. ఆ రోజు నేను పాఠం చెప్పలేదు, పిల్లలూ అడగలేదు. ఆ అమ్మాయి కూర్చునే చోటు ఖాళీగా ఉంది.

ఆమె మళ్లీ బడికి వచ్చిన రోజు ప్రార్థన అయ్యాక స్టాఫ్ రూం గుమ్మం దగ్గర నిలబడింది. కళ్లు వాచి ఉన్నాయి.

"మేడం, మన కాయితం ఉన్నదా?"

బీరువాలోంచి తీసి ఇచ్చాను.

"ఇంకొకటి కలపాలె."

నేను పెన్ను ఇచ్చి పక్కకు జరిగాను. నా బల్ల మీదే వంగి రాసింది. ఎడమ పక్క, "మా చెల్కల వేసిన బోరు ఎండింది." దాని పక్కన, పాయింటు పెట్టింది "మా బాపు." కుడి పక్క గడి దగ్గరికి వచ్చి ఆగింది. ఏం రాస్తుందో నాకు తెలుసనుకున్నాను. ఆ రోజంతా అక్కడే నిలబడి ఉంటుంది, ఆ దుబ్బ ఆమె మీదనే పడి ఉంటుంది. "నేను చూసిన" అని రాస్తుందనుకున్నాను.

"మా బాపు చెప్పిండు" అని రాసింది.

"ఎప్పుడు చెప్పిండు?" అన్నాను.

"ఇయ్యాల పొద్దుగాల మేడం. ఉత్త గొర్ల దొడ్డిల కూసొని ఉండె. మనది ఎండింది బిడ్డా, బడికి పోయి మేడంకు చెప్పు, నీ కాయితంల రాయించుకోమను అన్నడు."

తర్వాత ఆయన పాయింట్లు పెట్టడం మానేశాడు. మహబూబ్‌నగర్ దిక్కు ఎవరిదో మందకు కాపరిగా పోయాడని విన్నాను. ఆ అమ్మాయి గురుకులంలో సీటు వచ్చి వెళ్లిపోయింది. కాగితం మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. కొత్తగా వచ్చిన పిల్లలకు గీత ఎలా గీయాలో చూపించడానికి అప్పుడప్పుడు తీస్తాను. అందులో ఎండిన బోర్లన్నిటికీ ఎదురుగా "మేము చూసినం" అని ఉంటుంది. చివరి దానికి ఒక్కదానికే "చెప్పిండు" అని ఉంటుంది.