జేజి పెట్టిన మూడు దినాలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో జరిగిన ఒక సంగతిని ఇక్కడ క్రమంగా రాసిపెట్టదలచుకున్నాను. కారణం ముందే చెబుతాను. మా వీధిలో నలభై అయిదు దాటిన ఆడవాళ్లు సెల్‌ఫోనులో ప్రకటనలు చూసి కాల్షియం బిళ్లలూ, ఐరన్ గుళికలూ, నెలసరి నిలిచే వయసుకు ప్రత్యేకమని పేరు పెట్టిన పొడులూ తెప్పించుకుంటున్నారు. ఆ సీసాలు పట్టుకొచ్చి, ఏది వాడమంటారు టీచరమ్మా అని నన్ను అడుగుతున్నారు. నేను వైద్యురాలిని కాను. తెలుగు పాఠాలు చెప్పి, ప్రధానోపాధ్యాయురాలిగా పదవీ విరమణ చేసినదాన్ని. రక్తపరీక్ష చేయించుకోండి, డాక్టరు రాసినదే వాడండి అని చెప్పి పంపుతాను. ఆ మాట సరైనదే కాని, అది సగం మాట. తక్కిన సగం మా జేజి దగ్గర తెలుసుకున్నాను. మా నాయన తల్లిని మేము జేజి అనేవాళ్లం. ఆనాటి ఇంటి మనుషుల్లో నేనొక్కదాన్నే మిగిలాను కనుక దీన్ని రాయవలసిన బాధ్యత నాదే అయింది.

మాది వేంపల్లెకు దగ్గరి పల్లె. చెనక్కాయ, అంటే వేరుశనగ, పండించే మెట్ట సేద్యం. ఇంటి కట్టుబాట్లన్నీ జేజి చేతిలో ఉండేవి. నెలసరి వచ్చిన ఆడమనిషి మూడు దినాలు పెరటి వసారాలో విడిగా కూర్చోవాలి. దాన్ని ‘బయట ఉండటం’ అనేవారు. ఆమెను ఎవరూ తాకకూడదు. ఆమె తాకినదాన్ని మరొకరు తినకూడదు. పొరపాటున తాకిన పిల్లలకు తలమీద చన్నీళ్లు తప్పేవి కావు. ఈ ఆచారాన్ని నేను సమర్థించడం లేదు. బడిలో ఉన్నంతకాలం ఆడపిల్లలకు దీనికి వ్యతిరేకంగానే చెప్పాను. అయితే ఒక నిజాన్ని దాచడం కూడా పద్ధతి కాదు. మా ఇంటి ఆడవాళ్లు పొయ్యికి దూరంగా, ఊరికే కూర్చున్న రోజులు అవే.

నాకు పదేళ్లప్పుడు మా అమ్మకు నెలసరి నిలిచిపోయింది. దాంతోపాటు ఆ మూడు దినాలూ పోయాయి. ఇంట్లో అందరికీ అది సౌకర్యంగానే తోచింది. ఊరగాయలు, పండగ వంటలు, కూలీల సంగటి, అన్నీ అమ్మ మీదికి చేరాయి. అదే సమయంలో ఆమె ఒంటికి చెమటలు పట్టడం మొదలైంది. మోకాళ్లు పట్టేసేవి. రాత్రి నిద్ర లేదు, పగలు మాట లేదు. పిలిస్తే పలికేది గాని, ఆ పలుకు ఎక్కడో పక్క గదిలోంచి వచ్చినట్టుండేది.

నాయన ఆమెను రాయచోటిలో లేడీ డాక్టరుకు చూపించాడు. రక్తం తక్కువగా ఉంది, ఇలాగే వదిలేస్తే మంచాన పడుతుంది, కడుపునిండా తినాలి, ఆకుకూర, పాలు, నువ్వులు పెట్టండి, పని తగ్గించండి, ఈ టానిక్కు పోయండి అని ఆవిడ వివరంగా చెప్పి పంపింది. మా ఇల్లు అందులో ఒక్క టానిక్కునే గుర్తుపెట్టుకుంది. మిగిలినవన్నీ దారిలోనే జారిపోయాయి. ఆ టానిక్కు తియ్యగా ఉండేది. అమ్మ చెంచాలో పోసుకున్నప్పుడల్లా మేము పిల్లలం చుట్టూ చేరి అరచేతులు చాచేవాళ్లం. అమ్మ మాకు తలా ఇంత పోసి, ఖాళీ చెంచా కడిగి పెట్టేది. అన్నం దగ్గరా అంతే. తన కంచంలోది ఎవరికి కావాలన్నా తీసి పెట్టేది. సీసా అయిపోయింది. అమ్మ అట్లాగే ఉంది. మందు పనిచేయలేదని నాయన నిర్ణయించాడు.

విత్తనానికి చెనక్కాయలు ఒలిచే రోజులు వచ్చాయి. పంచలో కూర్చుని ఒలుస్తూ మా చిన్నమ్మ, అంటే చిన్నాయన భార్య, నవ్వుతూ అంది: “ఇంగ నీకేమక్కా! నెలనెలా మూలన కూర్చునే బాధ ల్యాకపాయె. ముప్పై దినాలూ పనికొస్తాండావు.” ఒలిచేవాళ్లందరూ నవ్వారు. అమ్మ నవ్వలేదు, కోప్పడనూ లేదు. గింజలు చాటలో వేస్తూనే ఉంది.

ఆ సాయంత్రం అమ్మ సంగటి కెలుకుతోంది. కుండ కదలకుండా గుడ్డతో పట్టుకోవాలి. ఆమె వట్టి చేత్తో పట్టుకుంది. పట్టుకుని, తెడ్డు తిప్పుతూనే ఉంది. జేజి చూసి, ఒక్క ఉదుటున వచ్చి ఆ చెయ్యి లాగేసింది.

“చెయ్యి కాలిపోతాంటే ఏం చేస్తాండావే?”

అమ్మ తన అరచేతిని తిప్పి చూసుకుంది. “కాలిందా అత్తా?” అని అడిగింది.

జేజి తానే ఆ చేతికి వెన్న రాసింది. మేము సంగటి తిని పడుకున్నాము. అమ్మ తిన్నదో లేదో నేను చూడలేదు.

మరునాడు పొద్దున్నే జేజి పంచలోకి వచ్చి అందరికీ వినబడేట్టు చెప్పింది: “పెద్దకోడలు బయటుండాది. ఎవురూ తాకొద్దండి.”

అమ్మ నిలబడిపోయింది. “అత్తా, నాకు నిలిచిపోయి శానా దినాలాయె గదా.”

“నిలిచిందో లేదో నేను చెప్పాల. పో, పోయి కూర్చో.”

“మొన్న నువ్వే గదత్తా నిలిచిపోయిందంటివి?” అంది చిన్నమ్మ.

“మళ్లా వచ్చింది. వచ్చేటప్పుడు నిన్నడిగి రావల్నా? పొయ్యి మీద ఎసరు పెట్టుపో.”

ఆ మధ్యాహ్నం చిన్నమ్మ కెలికిన సంగటి ఉండలు కట్టింది. “ఏమ్మా, ఈ పొద్దు సంగట్లో రాళ్లుండాయే?” అన్నాడు నాయన. “మింగప్పా. మీయమ్మ చేతి వంట తిని పెరిగినోనివి, నీకిదొక లెక్కా?” అంది జేజి. నాయన మింగాడు.

జేజి నువ్వులు వేయించి, బెల్లం వేసి రోట్లో దంచి ఉండలు చేసింది. పెద్దమనిషి అయిన పిల్లలకు పెట్టే ఉండలవి. ఆ వయసు ఆడమనిషికి చేయగా నేనెన్నడూ చూడలేదు. మునగాకు పప్పు, సంగటి, గిన్నెడు పాలు, కొత్తగా తెప్పించిన టానిక్కు సీసా, అన్నీ వసారా గడప దాకా మోసుకుపోయే పని నాకు అప్పగించింది. గడప ఇవతల పెట్టి వెనక్కి రావాలి. అమ్మ వాటిని లోపలికి తీసుకోవాలి.

అమ్మ నువ్వుండను రెండుగా విరిచింది. పెద్ద ముక్కను నా వైపు చాచింది. అది ఆమె అలవాటు. చెయ్యి చాచడం నా అలవాటు.

“ఏయ్! తాకినావంటే నెత్తిన కాగెడు నీళ్లు కుమ్మరిస్తా!” వెనకనుంచి జేజి అరిచింది.

“పసిబిడ్డ గదత్తా, ఆశ పడతాంది” అంది అమ్మ.

“పడనీ. నువ్వు ముట్టుకున్నేది ఇంగెవురికీ పనికిరాదు. తింటే నువ్వు తిను. ల్యాకుంటే దిబ్బలో పారెయ్యి.”

నువ్వులూ బెల్లమూ పారేయడం మా అమ్మకు చేతకాని పని. ముక్కను చాలాసేపు చూసింది. తరవాత నోట్లో పెట్టుకుంది. రెండో ముక్కా పెట్టుకుంది. టానిక్కు చెంచాలో పోసుకుని, చుట్టూ చూసి, అరచేతులేవీ లేకపోతే తానే తాగింది. నాకు కోపం రాలేదు. జాలీ కలగలేదు. ఆమె దవడలు కదలడం చూస్తూ నిలబడ్డాను. అమ్మ కూర్చుని, ఎవరికీ తీసిపెట్టకుండా తినడం నేను చూసింది అదే మొదలు. ఏ కట్టుబాటు ఆమెను అన్నేళ్లు దూరంగా పెట్టిందో, దాన్నే జేజి ఆమె కంచానికి కంచెగా వేసిందని పెద్దయ్యాక గాని నాకు బోధపడలేదు.

అప్పటినుంచి నెలనెలా అమ్మ ‘బయట’ ఉంది. చెమటలు ఆగలేదు. ఆ వయసు మార్పులను నువ్వుండలు ఆపుతాయని నేను చెప్పడం లేదు. అలా చెప్పేవారిని నమ్మవద్దు. కాని తరవాత రాయచోటికి పోయినప్పుడు రక్తం పెరిగిందని డాక్టరు చెప్పింది. మందు అదే. తాగినవారు మాత్రం మారారు. అమ్మకు కొన్ని మాటలు తిరిగి వచ్చాయి. అన్నీ రాలేదు.

ఒకసారి నేను జేజిని అడిగాను: “అమ్మకు నిలిచిపోయింది గదా, అబద్ధం ఎందుకు చెప్తాండావు?”

“దేవునికి నేను చెప్పుకుంటాలే. నువ్వు పోయి కంచం కడుగు” అంది.

ఆ యేడు మేమంతా ఒంటిమిట్టకు పోయాము. జేజి గుడిలోకి రాలేదు. గోపురం బయటే నిలబడి దండం పెట్టుకుంది. ఎందుకని ఎవరూ అడగలేదు.

జేజి పోయిన తరవాతి నెల, ఎవరూ చెప్పకుండానే అమ్మ వెళ్లి వసారాలో కూర్చుంది. చిన్నమ్మ వెళ్లి పొయ్యి ముట్టించింది. నువ్వులు కూడా తానే దంచింది.

నాకు ఆ వయసు వచ్చినప్పుడు డాక్టరు రాసిన బిళ్లలను బడికి పోయే తొందరలో నిలబడి మింగాను. ఒంట్లో ఏమీ తెలిసేది కాదు, మనసులోనూ అంతే. ఒకనాడు సగం తిన్న కంచాన్ని పిల్లలకు జరుపుతుంటే నా చెయ్యి నాకే కనిపించింది. ఆ రోజు వెనక్కి లాక్కున్నాను. నాటినుంచి నేటివరకు నా కంచంలో పెట్టుకున్నది కూర్చుని నేనే తింటాను, మనవలు అడిగినా ఇవ్వను. వాళ్లకు వేరే పెడతాను. దీన్ని పిసినారితనమంటారు. అననిస్తాను.

ఇందులో వైద్యం విషయంలో గాని, మా సీమ ఆచారాల విషయంలో గాని నేను పొరబడి ఉంటే తెలిసినవారు సరిదిద్దవలసిందిగా కోరుతున్నాను. ఒక్కటి మాత్రం తేలకుండా మిగిలింది. ఆ మొదటి ముక్క మింగేటప్పుడు అమ్మ ఏడ్చిందని చిన్నమ్మ చెప్పేది. గడప దగ్గర నిలబడ్డ నాకు ఆమె ఏడ్చినట్టు కనిపించలేదు. అందులో తప్పు నాదో, చిన్నమ్మదో చెప్పగలిగినవారు ఇప్పుడు లేరు. తక్కినవి మీరు దిద్దండి.