బరువెక్కకముందే కోసిన చైన్

2022 ఎండాకాలం. నంద్యాలలో మాది మోటారుసైకిళ్ళ స్పేర్ పార్ట్స్ అంగడి. ముందర అమ్మకం, వెనక రేకుల షెడ్డులో పని. మా నాయనది బట్టల అంగడి. తానుల మధ్య పెరిగినవాణ్ణి కాబట్టి స్పానర్ పట్టుకోకముందే బేరం పట్టుకున్నాను. మా ఇళ్ళల్లో పిల్లలకు నడకతో పాటే ఒక పాఠం నేర్పుతారు: గిరాకీ నోట వచ్చే మొదటి మాట అతని మనసులో మాట కాదు. రంగు బాగాలేదంటే ధర తగ్గించమని. ఇంట్లో అడిగొస్తానంటే ఇంకాస్త తగ్గించమని. ఈ పాఠం నాకు ఇల్లు కట్టిపెట్టింది. కాశీంవలి బండి విషయంలో నన్ను ఎక్కడ నిలబెట్టిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఆ బండి సంగతి ఎవరైనా ఎత్తితే నేను ఇప్పటికీ టీ చెప్పే నెపంతో బయటికి పోతాను.

కాశీంవలిది ఆళ్ళగడ్డ. దూది ఏకి పరుపులు కుట్టే పని. ఏకే మిషను తీసుకుని ఊరూరా తిరుగుతాడు. గిరాకీ ఇంటి ముందే దూది ఏకి ఇస్తే, అతని భార్య మాబున్ని అక్కడే కూర్చుని దబ్బనంతో పరుపు కుట్టేస్తుంది. అతనివల్ల ఎంత పని అయ్యేదో, ఆమె చేతివల్లా అంతే అయ్యేది. ఆత్మకూరు దాకా పోయేవాళ్ళు. ఆటో బాడుగ భరించలేక ఒకరోజు తన పాత వందసీసీ బండిని మా షెడ్డు ముందు ఆపాడు.

"శెట్టీ, దీన్ని సాగదీయల్లప్పా."

"సాగదీసేదానికి అదేమన్నా బెల్లంపాకమా అన్నా?"

"నగొద్దులే. మిషను ఎనకాల కడితే మా ఆడమనిషికి కూచునే జాగా ఉండదు. బండి అర్ధడుగు పొడుగైతే ముగ్గురం పోతాం."

"మూడోది ఎవురు?"

"మిషనే. మాకు పిల్లోళ్ళ కంటే అదే ఎక్కువ తింటాది."

అహోబిలం కొండ మీది ఒక సత్రంలో పాత పరుపులన్నీ మళ్ళీ ఏకి కుట్టే పని అతనికి ఒప్పజెప్పారట. తిరునాళ్ళ లోపల అయిపోవాలి. ఆ పని నిలబడితే ఏటా వాళ్ళకే ఇస్తామన్నారు. దిగువ అహోబిలం నుంచి ఎగువకు ఎక్కే దారి తెలిసినవాళ్ళకు నేను వేరే చెప్పనక్కరలేదు. బండికి లాగే బలం కావాలి.

వెనక చక్రాన్ని పట్టుకుని ఉండే ఇనుప చెయ్యిని స్వింగ్ ఆర్మ్ అంటారు. దాన్ని వెల్డింగ్‌తో అర్ధడుగు పొడిగించాం. ఇక స్ప్రాకెట్లు, అంటే చైన్ తిరిగే పళ్ళచక్రాలు. ఇంజన్ దగ్గర చిన్నది, వెనక చక్రానికి పెద్దది. వెనక పళ్ళు పెంచినా, ముందర పళ్ళు తగ్గించినా బండికి లాగుడు పెరిగి పరుగు తగ్గుతుంది. ముందర ఒక్క పన్ను తగ్గిస్తే వెనక మూడు పళ్ళు పెంచినంత పని. పైగా ముందరిది చవక. అయితే అది చిన్నదయ్యేకొద్దీ చైన్ మీద బరువు పెరుగుతుంది, లింకులు ఇరుకు మలుపు తిరగాల్సి వస్తుంది. నాకు తెలుసు. తెలిసే ముందర ఒకటి తగ్గించి, వెనక మూడు పెంచి, మొత్తం వెనకే పెంచడానికి పట్టే ఖర్చు మిగిల్చాను. మిగిలింది నాకే.

తర్వాత చైన్ పొడవు. కంపెనీ బండికైతే డబ్బా మీదే రాసి ఉంటుంది. మార్చిన బండికి మనమే లెక్క కట్టుకోవాలి. బండి అర్ధడుగు సాగితే చైన్ పైన అర్ధడుగు, కింద అర్ధడుగు సాగాలి. దానికి పళ్ళ తేడా కలుపుకోవాలి. కలిపితే బేసి సంఖ్య వచ్చింది. చైన్‌లో లోపలి లింకు, బయటి లింకు ఒకటి విడిచి ఒకటి ఉంటాయి కాబట్టి సరిసంఖ్య దగ్గరే కొసలు కలుస్తాయి. ఒకటి పెంచాలి, లేదా ఒకటి తగ్గించాలి. నేను తగ్గించాను. పొట్టి చైన్ వేస్తే వెనక ఇరుసు దాని గాడిలో ముందు కొసకు వచ్చి కూర్చుంటుంది. "చూడన్నా, చైన్ సాగేకొద్దీ ఎనక్కి జరుపుకోనీకి గాడి అంతా మిగిలే ఉండాది, రెండేండ్లు నా దగ్గరికి వచ్చే పన్లే" అని చెప్పుకోవచ్చు. అమ్మేటప్పుడు వినడానికి ఎంత బాగుంటుందో చూసుకున్నాను. స్టాండు మీద నిలబెట్టి, వేలుతో పైకి నొక్కి, చైన్ అంగుళం ఆడుతోందని తృప్తిపడి పంపేశాను.

మర్నాడే ఇద్దరూ వచ్చారు, మిషను లేకుండా.

"శెట్టీ, మేమెక్కి మిషను కట్టుకుంటే చైను మూలుగుతాంది," అన్నాడు కాశీంవలి.

నేను స్టాండు వేసి వేలుతో ఆడించి చూపించాను. "యాడ మూలుగుతాంది? ఆడతాంది సూడు."

"ఈడ ఆడతాది. మేమెక్కితే ఆడదు."

ఇంకా కొంత బాకీ ఇవ్వాల్సి ఉంది అతను. నాకు వెంటనే అర్థమైపోయింది, లేదా అయిందనుకున్నాను. బాకీ కట్టే రోజున వస్తువులో వంక కనబడటం మా వ్యాపారంలో పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. నవ్వుతూ కొంత తగ్గించాను. కాశీంవలి నా మొహం కేసి అయోమయంగా చూశాడు. చాలలేదేమో అనుకుని ఒక ఆయిల్ డబ్బా కూడా చేతిలో పెట్టాను.

మాబున్ని బండి పక్కనే నిలబడి ఉంది. "దుడ్లు గాదన్నా మేం అడిగేది" అంది.

"దుడ్లు వద్దనే గిరాకీని ఇంతవరకూ సూళ్ళేదమ్మా నేను" అన్నాను. అంగడిలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆమె నవ్వలేదు. "పా, శెట్టి చెప్తాడు గదా" అని భర్తతో అంది. వెళ్ళిపోయారు. గిరాకీని గెలిచి పంపినప్పుడు ఉండే హుషారుతో ఆ రోజు భోజనం చేశాను.

వారం తిరక్కముందే కాశీంవలి ఫోను. ఎగువ అహోబిలం ఎక్కుతుంటే చైన్ తెగి, ఇంజన్ పక్క డబ్బాను పగలగొట్టి, వెనక చక్రానికి చుట్టుకుందట. బండి పడింది. మిషను మాబున్ని కుడిచేతి మీద పడి మణికట్టు విరిగింది. జీపువాళ్ళెవరో దింపి ఆళ్ళగడ్డ చేర్చారు.

బస్సులో కూర్చుని ఆళ్ళగడ్డ పోయేదాకా నేను చేసిన పని చెబితే నవ్వుకోండి, లేదా ఉమ్మేయండి. ఎక్కువ బరువు వేసి ఉంటారని, రాయి తగిలి ఉంటుందని, చైన్ కొసలు కలిపే లాకు సరిగా చూసుకోలేదని, అవతలివాడు అడగబోయే ప్రతి ప్రశ్నకూ జవాబు పేర్చుకుంటూ పోయాను.

బండి వాళ్ళ ఇంటి ముందే ఉంది. ఇంజన్ మాట తర్వాత చూద్దామని, తెగిన చైన్‌ను కొత్త లాకుతో అతికించి ఎక్కించాను. స్టాండు మీద బాగానే ఆడింది. స్టాండు దించి, మిషను వెనక కట్టించి, దూది మూటలు పెట్టించి, కాశీంవలిని ఎక్కి కూర్చోమన్నాను. బరువుకు బండి కుంగి, స్వింగ్ ఆర్మ్‌తో పాటు వెనక చక్రం పైకి జరిగింది. చిన్న స్ప్రాకెట్, స్వింగ్ ఆర్మ్ ఊగే ఇరుసు, పెద్ద స్ప్రాకెట్ మూడూ ఒకే గీతలోకి వచ్చాయి. రెండు స్ప్రాకెట్ల మధ్య దూరం అన్నిటికన్నా ఎక్కువయ్యేది అప్పుడే. చైన్ వీణతీగలా బిగిసిపోయింది. భార్య ఇంకా ఎక్కనే లేదు. ఏ బండికైనా ఇంతే. ఈ పనిలో కొత్తగా చేరినవాడికి మొదటి నెలలో చెప్పే సంగతి.

కాశీంవలి బండి మీద నుంచే అన్నాడు: "నాదే తప్పు శెట్టీ. తడిసిన దూది మూట ఒకటి ఎక్కువేసినా ఆ పొద్దు."

నేను పేర్చుకున్న జవాబుల్లో మొదటిది అదే. అతనే నా చేతిలో పెట్టాడు. తీసుకుంటే అయిపోయేది. తీసుకోలేదు గానీ, నా నోటి నుంచి వచ్చింది చూడండి: "అట్లగాదులేన్నా. రిపేరీలో సగం నేను పెట్టుకుంటా."

మాబున్ని గడప మీద కూర్చుని ఉంది. కట్టు వేసిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, సత్రం పరుపుల పని వేరేవాళ్ళకు పోయిందని అప్పుడే పక్కింటామెతో చెబుతోంది. నా మాట విని ఇటు తిరిగింది.

"మిగిల్న సగం ఎవురిదన్నా?"

గట్టిగా అడగలేదు. కోపంగా కూడా అడగలేదు. కూరగాయల ధర అడిగినట్టు అడిగింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నేను ఏ మాటకైనా ఎదురుమాట వెతుక్కోకుండా ఉన్నది ఆ ఒక్కసారే.

"అంతా నాదేమ్మా," అన్నాను. "నువ్వు ఆ పొద్దే జెప్పినావు. నేను ఇన్లే."

"ఇన్న్యావులే," అంది. "బేరమనుకున్న్యావు."

ఇంజన్ బాగుచేయించి, బండిని మళ్ళీ వాళ్ళ ఇంటి ముందుకే తెచ్చాను. ముందరి స్ప్రాకెట్‌ను కంపెనీ ఇచ్చిన పళ్ళకే మార్చి, పెంచాల్సిందంతా వెనక పెంచాను. లాగుడు అంతే, చైన్ మీద బరువు తక్కువ. చైన్ కొత్తది, సరిపోయే పొడవుకంటే ఎక్కువగానే తెచ్చాను. ఈసారి బరువంతా ఎక్కాకే కోయాలి. బరువంతా అంటే ఆమె కూడా.

విరిగిన చేత్తో మళ్ళీ ఆ బండే ఎక్కమని ఆమెను ఎలా అడగను? కటింగ్ పంచ్, అంటే లింకు పిన్నును తోసే పనిముట్టు, చేతిలో పట్టుకుని బండి పక్కన కూర్చుండిపోయాను. కాశీంవలికి అర్థమై, "రా, ఒగసారి కూచో" అని పిలిచాడు. ఆమె లేచి వచ్చింది. బండి దగ్గర ఆగింది. మిషనును కట్టిన తాళ్ళను ఎడమచేత్తో ఒక్కొక్కటీ లాగి చూసింది. అప్పుడు ఎక్కింది.

నేను నేల మీద కూర్చుని చైన్ కింద వేలు పెట్టి, ఇరుసును గాడి మధ్యకు తెచ్చి, సరిపోయే లింకుకు గుర్తు పెట్టుకున్నాను. ఇప్పుడు మా షెడ్డుకు మార్చిన బండి ఏది వచ్చినా, దాని మీద తిరగబోయే మనుషులు, సామాను రానిదే చైన్ కోయను. గిరాకీలు విసుక్కుంటారు, శెట్టికి చాదస్తం పట్టిందంటారు. అననీ. పనిలో దిద్దుకోగలిగింది అంతవరకే. అవతలి మనిషి నొప్పి చెబుతుంటే నా చెవికి ధర వినబడటం అనే జబ్బు ఒకటుంది. దానికి ఇలాంటి కొలత ఇంకా దొరకలేదు.

ఆ రోజు గుర్తు పెట్టడం అయ్యేదాకా మాబున్ని భర్త చొక్కా గట్టిగా పట్టుకునే ఉంది.

"బండి కదల్దమ్మా," అన్నాను, తలెత్తకుండానే.

"తెలుసన్నా," అంది. చొక్కా వదల్లేదు.