ఆగుంబె వాన, మా ఊరి పదును

నా ఆఖరి బదిలీ బెళుగుప్ప మండలంలోని ఒక ఉన్నత పాఠశాలకు. హోదా స్కూల్ అసిస్టెంట్, సబ్జెక్టు జీవశాస్త్రం. పదవీ విరమణకు ముందటి ఏడాది జూలైలో తొమ్మిదో తరగతి పిల్లలను కర్ణాటకలోని ఆగుంబె వర్షారణ్యానికి తీసుకెళ్లాను. వాన లేనప్పుడు వర్షారణ్యం చూపించడం దండగని నా పట్టుదల.

ఆడపిల్లలు వస్తే వెంట ఒక మహిళ ఉండి తీరాలని అనుమతిలో షరతు. తీరా బయలుదేరే ముందు తెలుగు టీచరమ్మకు కాలు బెణికింది. మగపిల్లలతోనే వెళ్లమన్నారు హెడ్మాస్టరు. ఆడపిల్లల మొహాలు చూడలేకపోయాను. అప్పుడు విద్యా కమిటీ సభ్యురాలు లక్ష్మీదేవమ్మ, మా విద్యార్థిని సునీత తల్లి, తాను వస్తానని ముందుకొచ్చింది.

ఆమె భర్త తాడిపత్రిలో లారీ డ్రైవరు, సేద్యమంతా ఆమెదే. వేరుశనగ విత్తనం ఒలిచి పెట్టుకుని పదును కోసం చూస్తోంది. పదునంటే విత్తడానికి సరిపడా నేలను తడిపే వాన. ఆ తడి ఆరేలోగా విత్తాలి. విత్తే గొర్రు ఉన్న ట్రాక్టరు ఊరికంతా ఒకటే, వంతు తప్పితే అంతే సంగతులు. "ఇన్నాళ్లు పడంది, నేను పోయిన రెండు దినాల్లోనే పడతాదా సార్?" అని నవ్వేసింది.

ఆగుంబె అడవిలో నిలబడ్డాం. పైన ఆకుల మీద వాన హోరు, కింద మా మీద చుక్క లేదు. ఆకుల కప్పు అంత దట్టం. నీరు ఆకు నుంచి ఆకుకు దిగి నేలను చేరడానికి కొంతసేపు పడుతుంది. అది నేను వివరించబోతుండగా లక్ష్మీదేవమ్మ అందుకుంది. "ఏమప్పా సార్, ఈడా వాన పైపైన్నే పోతాండాదే! మన అదృష్టాన్ని బస్సులో ఏసుకొచ్చినామా?" పిల్లలు పడీ పడీ నవ్వారు. నవ్వు ఆగకముందే నీళ్లు దిగాయి. వాన వెలిసాక కూడా చెట్ల కింద కురుస్తూనే ఉంది. జలగలు పట్టినవాళ్లకు ఉప్పు రాయడంతోనే నాకు సరిపోయింది.

బసకు చేరగానే ఆమెకు మరిది ఫోను. ఊళ్లో పదును పడింది, ట్రాక్టరు వంతు మర్నాడే! పిల్లలు తడిబట్టలతోనే ఈలలు, గంతులు. పొద్దంతా తమను తడిపిన వానకు ఒక్కరూ అంతగా ఎగరలేదు.

మాకు ఇంకో రోజు ప్రోగ్రాం ఉంది. ఆమె వెళ్లిపోతే ఆడపిల్లలు ఉండకూడదు. అది ఆమెకూ తెలుసు. "మా మరిది చూసుకుంటాడ్లే సార్" అని కొంగు పిండుకుంటూ కూర్చుంది. మరిదికీ తన చేను ఉందని అందరికీ తెలుసు. చివరికి మగపిల్లలే వచ్చారు. "పోదాం సార్. అడవి యాడికి పోతాది?"

నాకు ఒళ్లు మండింది. ఆ అనుమతి కోసం నేను తిరిగిన తిరుగుడు వీళ్లకేం తెలుసు? కానీ అడవి ఉంటుంది, చేలో తడి ఉండదు. హెడ్మాస్టరుకు ఫోను చేసి బస్సు తిప్పించాను.

పొద్దున్నే బస్సు నేరుగా ఆమె చేని దగ్గరే ఆగింది. ట్రాక్టరు సిద్ధంగా ఉంది, గొర్రు మీద కూర్చుని గింజలు వదిలేందుకు ఒక మనిషి తక్కువ. నేనెక్కాను. "కుప్పలుగా పడతాండాయి, రవ్వంత చూసి వెయ్యప్పా సార్!" అని వెనక నుంచి లక్ష్మీదేవమ్మ ఒకటే కేకలు. మధ్యాహ్నానికి చేను పూర్తయింది. అంత సంతోషంగా నేను ఏ పాఠమూ ముగించలేదు.

పదవీ విరమణ రోజు, నా స్థానంలో వచ్చిన సారుకు ల్యాబు తాళాలతో పాటు ఒక్క మాట అప్పగించాను. విహారయాత్రకు ఎక్కడికైనా వెళ్లండి, ఊళ్లో ఆఖరి చేను విత్తాకే బస్సు మాట్లాడండి.