ఆఖరి ఓవర్లో దింపిన తమ్ముడు

మొన్న శుక్రవారం జెద్దాలో మా తోడల్లుడి కొడుకు గదికి భోజనానికి వెళ్తే, వాడూ వాడి ఆఫీసు స్నేహితులూ ల్యాప్‌టాప్ ముందు కూర్చుని అమెరికా కాలేజీ పిల్లల ఫుట్‌బాల్ చూస్తున్నారు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే ఆ బంతిని వెనక నిలబడి విసిరేవాణ్ణి క్వార్టర్‌బ్యాక్ అంటారట. అసలువాడికి దెబ్బ తగిలి ఆఖర్లో దిగిన బదులు కుర్రవాడు నాలుగు బంతులు విసిరి రెండు పోగొట్టేసరికి, వీడు దేనికీ పనికిరాడని మావాళ్లు తేల్చేశారు. నవ్వుదామనుకున్నాను గానీ నవ్వు రాలేదు, ఎందుకంటే అలాంటి తీర్పు నేనూ చెప్పి ఉన్నాను, అదీ రెండేళ్లపాటు, వారం వారం.

అప్పట్లో నేను ఈ సౌదీలోనే, రియాద్ దాటాక అల్ ఖర్జ్ దగ్గర ఒక పాడి ఫారంలో స్టోర్ కీపర్ని. మన తరంవాళ్లకు చెప్పనక్కర్లేదు, ఫోన్లో మొహాలు కనపడని ఆ రోజుల్లో వారమంతా శుక్రవారం కోసమే బతికేవాళ్లం. తెల్లవారుజామున ఫజర్ నమాజు అయ్యాక క్యాంపు వెనక మట్టినేల మీద పాత తివాచీ పరిచి, టేపు చుట్టిన టెన్నిస్ బంతితో క్రికెట్ మొదలుపెట్టి మధ్యాహ్నం జుమా నమాజు వేళకు ముగించేవాళ్లం. బ్యాట్లూ వికెట్లూ నావి, వాటిని మోసే పికప్ నా చేతిలో ఉండేది కాబట్టి కెప్టెన్ని కూడా నేనే. అంతకుమించిన అర్హత నాకేమీ లేదని ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గుపడను.

కదిరి వైపు నుంచి వచ్చిన తమ్ముడొకడు, చుట్టరికమేమీ లేకుండానే అన్నా అని పిలిచి తమ్ముడైపోయినవాడు, పాలు పితికే షెడ్డులో పనిచేసేవాడు. ఆవులకు శుక్రవారం సెలవు లేదు కదా, తెల్లవారుజామున ఎక్కిన డ్యూటీ దిగి, వేళ్లకు ఆవుల పొదుగులకు పూసే అయోడిన్ మరకలతో వాడు పరుగెత్తుకొచ్చేసరికి ఆట చివరికొచ్చేది. ఒకటో రెండో ఓవర్లు మిగిలితే వాణ్ణి దింపి, కొట్టరా కొట్టు అని అందరం అరిచేవాళ్లం, వాడు గుడ్డిగా బ్యాట్ ఊపి అవుటయ్యేవాడు. సున్నా, మూడు, ఒకటి అని నోటుబుక్కులో రాసుకుని, రియాద్ టీముతో పెద్ద మ్యాచ్ వచ్చినప్పుడల్లా ఆ అంకెలు చూసి వాణ్ణి పక్కన పెట్టేవాణ్ణి.

ఒకసారి వాడు నోరు తెరిచి అడిగాడు. “అన్నా, ఈ ఒక్క మ్యాచికి డ్యూటీ మార్పించుకుంటా, మొదట్నుంచి ఆడనీ నన్ను. ఆ తర్వాత నువ్వేమన్నా పడతా.” ముందు పది పరుగులు దాటి చూపించమని నోటుబుక్కు వాడి మొహం ముందు పెట్టాను. వాడు మళ్లీ అడగలేదు.

వాడి కాంట్రాక్టు ముగిసి, ఇక తిరిగి రాకుండా ఇంటికి పంపే ఫైనల్ ఎగ్జిట్ వీసా పడ్డాక, డ్యూటీ లేని ఆ చివరి శుక్రవారం నేను వెళ్లేసరికి వాడు ఒక్కడే తివాచీ పరుస్తున్నాడు. పోయేవాడు కదా అని, జాలితోనే, మొదట దింపాను. తొలి ఓవర్లో ఒక్క బంతీ కొట్టలేదు, కొన్ని వదిలేశాడు, కొన్నిటికి అడ్డుపెట్టాడు, మావాళ్లు విసుక్కున్నారు. మూడో ఓవర్ నుంచి బంతి మనుషుల మధ్య ఖాళీల్లోంచి పోవడం మొదలైంది. వాడు కుదురుకుని ఆడే రకం, కాసేపు బంతిని చూసుకుంటే గానీ చెయ్యి రాదు. అలాంటివాణ్ణి నేను ఎప్పుడూ ఆ వ్యవధి లేనప్పుడే దింపాను. ముప్పై ఆరుకు అవుటయ్యాడు. గొప్ప ఆటగాడు కాడు, ఆ మాట కూడా న్యాయంగా చెప్పాలి, కానీ ఏ పెద్ద మ్యాచిలోనైనా ముందు వరసలో ఉండవలసినవాడు.

బ్యాట్ రెండు చేతులతో నాకు అందించి, “చాలన్నా, ఇన్నాళ్లకి ఆడినట్టుండాది” అన్నాడు. తప్పు నాదేరా, నీకు ఆట వచ్చురా అని చెప్పాలనుకున్నాను. తీరా నోరు తెరిచి, నీళ్లు తాగు పో అన్నాను.

ఇప్పుడైతే ఎంత దూరం వెళ్లినవాడైనా ఫోన్లో వేలి దూరంలో ఉంటాడు, నోట రాని మాటను మర్నాడైనా పంపుకోవచ్చు. అప్పుడు పోయినవాడు పోయినట్టే. వాడి ఊరు పేరైనా నేను అడిగి పెట్టుకోలేదు. ఎక్కడున్నాడో గానీ, ఆ ఒక్కరోజు ఏదో అదృష్టం కలిసొచ్చిందని, నిజానికి తనకు ఆట రాదని వాడు ఈనాటికీ అనుకుంటున్నాడేమో.